ఢిల్లీ ఇళ్లలో పురుగుల బెడద: వేపనూనె నుంచి బోరిక్ పౌడర్ దాకా ఏ చిట్కా పనిచేస్తుంది, ఏది ప్రాణం మీదకు తెస్తుంది?

2020 జూన్ 27న గురుగ్రామ్ ఆకాశాన్ని మిడతల దండు కమ్మేసింది. తలుపులు, కిటికీలు మూసుకోవాలని, పళ్లాలు, డబ్బాలు మోగించాలని అధికారులు చెప్పారు. అద్దాల మేడల బాల్కనీల్లోకి వంటింటి గిన్నెలు, గరిటెలు వచ్చాయి. పక్కనే ఉన్న ఢిల్లీ ప్రభుత్వం కూడా అప్రమత్తమైంది. చివరికి గాలి వాటాన్ని బట్టి దండు ముందుకు సాగిపోయింది. చప్పుడుకు మిడతలు పైకి లేస్తాయి కానీ చావవు. మన మేడ మీద లేచినవి పక్కవాళ్ల చెట్టు మీద వాలతాయి, అంతే.

అంతకు 58 ఏళ్ల ముందు, 1962లో, ఇదే ప్రాంతం మీదకు మిడతలు వచ్చినప్పుడు జరిగిన ఒక ప్రయోగం గురించి చాలామందికి తెలియదు. ఢిల్లీలోని పూసా క్యాంపస్‌లో ఉన్న భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు వేప గింజల పప్పును నూరి, నీళ్లలో చాలా పలచగా కలిపి పంటల మీద చల్లారు. మిడతలు వచ్చి ఆ మొక్కల మీద వాలాయి. కానీ ఆకును ముట్టలేదు. కొన్ని చోట్ల ఆ ప్రభావం మూడు వారాల వరకూ నిలిచింది.

వేపాకును ధాన్యంలో వేయడం, కొత్త బట్టల మడతల్లో పెట్టడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. పూసా శాస్త్రవేత్తలు చేసింది దాన్ని నమ్మడమో, కొట్టిపారేయడమో కాదు. వేపలో ఏ భాగం, ఎంత మోతాదులో, ఏ పురుగు మీద, ఎన్ని రోజులు పనిచేస్తుందని అడిగారు. వాట్సాప్‌లో తిరిగే ‘పది రూపాయల్లో పురుగులు మాయం’ వీడియోల్లో కనిపించనివి సరిగ్గా ఈ ప్రశ్నలే.

ఢిల్లీ, నోయిడా, ఘాజియాబాద్, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లలో ఈ ప్రశ్నలకు ప్రాముఖ్యం కాస్త ఎక్కువే. గోడకు గోడ ఆనుకుని ఉండే ఫ్లాట్లు, ఆరు నెలలు నడిచే కూలర్లు, కిటికీలు తెరవలేని చలికాలం, ఆ చలికాలంలోనే ఊపిరాడనివ్వని గాలి. ఊళ్లో పెరటి వాకిట్లో ప్రమాదం లేకుండా సాగిపోయిన చిట్కా, ఇక్కడ పదో అంతస్తులోని మూసిన పడకగదిలో అలాగే సాగిపోతుందన్న హామీ లేదు.

వేపనూనె ఏ దోమను ఆపింది?

దోమల విషయంలో వేపనూనెకు ఢిల్లీలోనే జరిగిన గట్టి పరిశోధన ఉంది. ఇప్పుడు ద్వారకలో ఉన్న జాతీయ మలేరియా పరిశోధన సంస్థ అప్పట్లో మలేరియా రీసెర్చ్ సెంటర్. దాని శాస్త్రవేత్తలు వి.పి. శర్మ, ఎం.ఎ. అన్సారీ, ఆర్.కె. రజ్దాన్ 1993లో ఒక పత్రం ప్రచురించారు. కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి ఒంటికి రాసుకున్న వలంటీర్లను మలేరియా వ్యాప్తి చేసే ఎనాఫిలిస్ జాతి దోమలు 12 గంటల పాటు కుట్టలేదని అందులో తేల్చారు. 2 శాతం అంటే 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకు 2 మిల్లీలీటర్ల వేపనూనె. ఇంట్లో చేసుకోగలిగిన కొలతే.

అయితే ఫలితం ఏ దోమ గురించి చెప్పిందో చూడాలి. ఎనాఫిలిస్ రాత్రి పూట కుడుతుంది. మురుగునీటిలో పుట్టి, ఢిల్లీలో సాయంత్రం చెవి దగ్గర గుయ్యిమనే దోమ క్యూలెక్స్. కిరోసిన్ దీపంలో 1 శాతం వరకు వేపనూనె కలిపి వెలిగిస్తే ఏమవుతుందో ఇదే సంస్థ శాస్త్రవేత్తలు 1994లో చూశారు. దోమలు కుట్టడం తగ్గింది కానీ, ఎనాఫిలిస్ మీద కనిపించినంత ప్రభావం క్యూలెక్స్ మీద కనిపించలేదు. ఇక డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ పగటి పూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం కుడుతుంది. రాత్రి పడుకునే ముందు వేపనూనె రాసుకుని, పొద్దున్నే స్నానం చేసి స్కూలుకు వెళ్లిన పిల్లాడికి ఆ నూనె డెంగీ నుంచి కల్పించే రక్షణ దాదాపు ఏమీ లేదు.

నిమ్మచెక్కలో లవంగాలు గుచ్చి పెట్టడం ఇంకో చిట్కా. చిక్కటి లవంగనూనెను చర్మం మీద రాస్తే ప్రయోగశాలలో కొన్ని గంటల పాటు దోమలు దూరంగా ఉన్నాయి కానీ, అంత చిక్కగా రాసుకుంటే చర్మం మండుతుంది. బల్ల మీద నిమ్మకాయ మాత్రం అలంకారం కిందే లెక్క. కుండీలో పెంచే నిమ్మగడ్డి, తులసి, బంతి సంగతీ అంతే. ఆకు నలిపితే నూనె బయటికొస్తుంది. ఊరికే నిలబడిన మొక్క దోమను తరమదు.

అసలు చిట్కా బ్రష్‌తో రుద్దడం

ఢిల్లీలో 1996లో వచ్చిన డెంగీకి 10 వేల మందికి పైగా జబ్బుపడ్డారు, 400 మందికి పైగా చనిపోయారు. 2015లో మళ్లీ 15 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఏడిస్ దోమ మురుగులో కాదు, మంచినీళ్లలో పుడుతుంది. కూలర్ ట్రే, మూతలేని ట్యాంకు, మనీప్లాంట్ సీసా, కుండీ కింద పళ్లెం, ఫ్రిజ్ వెనక నీళ్ల డబ్బా. ఢిల్లీ నగరపాలక సంస్థ సిబ్బంది ఇంటింటికీ తిరిగి టార్చిలైటు వేసి చూసేది వీటినే. లార్వా దొరికితే నోటీసు చేతికొస్తుంది.

గుడ్డు నుంచి దోమగా మారడానికి వేసవి వేడిలో సుమారు వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి కూలర్ ఆరబెట్టమని చెప్పడం వెనకున్న లెక్క ఇదే. 2019 సెప్టెంబరులో ఢిల్లీ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘పది వారాలు, పది గంటలకు, పది నిమిషాలు’ ప్రచారం కూడా ఈ లెక్క మీదే నడిచింది. ప్రతి ఆదివారం పది నిమిషాలు ఇంట్లో నీళ్లు నిలిచే చోట్లన్నీ చూసుకోమన్నారు.

కానీ నీళ్లు పారబోస్తే సరిపోదు. ఏడిస్ గుడ్లు నీటి అంచున, ట్రే గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. అక్టోబరులో మూలన పడేసిన కూలర్‌లో మళ్లీ ఏప్రిల్‌లో నీళ్లు పోయగానే పొదగడానికి సిద్ధం. అందుకే గరుకు బ్రష్‌తో గోడలు రుద్దాలి. ఈ వ్యాసంలో ప్రస్తావించే చిట్కాలన్నిటిలో ఖర్చు లేనిది, కచ్చితంగా పనిచేసేది ఇదే. చూడ్డానికి ఏమంత ఆకర్షణ లేదు కాబట్టి దీని మీద వీడియోలు రావు.

ఖాళీ చేయలేని కూలర్‌లో ఒక చెంచా కిరోసిన్‌గానీ పెట్రోల్‌గానీ వేయడం పాత పద్ధతి. లార్వాలు నీటి పైకి వచ్చి గొట్టం లాంటి అవయవంతో గాలి పీలుస్తాయి. పైన నూనె పొర ఉంటే ఊపిరాడక చస్తాయి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో కనిపెట్టిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచమంతా దోమల మీద చేసిన యుద్ధంలో ఈ నూనె పొరే ప్రధాన ఆయుధం. తర్వాత డీడీటీ వచ్చింది. దాన్ని తయారు చేయడానికే 1954లో ప్రభుత్వ రంగంలో హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ సంస్థ పుట్టింది, దాని తొలి ఫ్యాక్టరీ ఢిల్లీలోనే పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్లుగా ఉన్న మలేరియా కేసులు 1965 నాటికి సుమారు లక్షకు పడిపోయాయి. దోమలు మందుకు అలవాటుపడ్డాయి, మనుషులు ఏమరుపాటు పడ్డారు. 1976 నాటికి కేసులు మళ్లీ 64 లక్షలకు చేరాయి. ఏ మందునైనా పురుగు నేర్చేసుకుంటుంది. ఎండిన ట్రేలో పుట్టడం మాత్రం ఇంతవరకూ నేర్చుకోలేదు.

పొగ పెడితే?

వేపాకు పొగ, సాంబ్రాణి, కొబ్బరి పీచు పొగ, కర్పూరం. తెలుగు ఇళ్లలో సాయంత్రం దోమలకు ఇవి అలవాటు. పొగ ఉన్నంతసేపూ దోమలు తగ్గే మాట నిజం. వేపాకు వల్ల తగ్గాయా, పొగ వల్ల తగ్గాయా అంటే ఎక్కువగా పొగ వల్లే.

దోమల చుట్టల మీద 2003లో వచ్చిన ఒక అధ్యయనం బాగా ప్రసిద్ధం. మూసిన గదిలో ఒక చుట్ట పూర్తిగా కాలితే, 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత సూక్ష్మ ధూళి కణాలు విడుదలవుతాయని అందులో లెక్కగట్టారు. ఇవి పీఎం 2.5 కణాలు, నవంబరులో ఢిల్లీ ప్రజలు మాస్కులు పెట్టుకుని తప్పించుకోవాలని చూసేవి. ఒక పక్క ఎయిర్ ప్యూరిఫయర్, ఇంకో పక్క సాంబ్రాణి పొగ ఉన్న ఇళ్లు ఈ నగరంలో తక్కువేమీ కాదు. వేపాకు ‘సహజం’ అయినంత మాత్రాన దాని పొగలోని కణాలు ఊపిరితిత్తులకు వేరుగా కనిపించవు.

ఆరుబయట మంట పెడదామంటే చట్టం అడ్డొస్తుంది. ఢిల్లీ, చుట్టుపక్కల చెత్త, ఆకులు బహిరంగంగా కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో నిషేధించింది. కాల్చినవారికి 5,000 రూపాయల జరిమానా.

‘పూర్తిగా మూలికలతో’ అని రాసి అమ్మే దోమల అగరుబత్తీలది మరో కథ. వాటిలో కొన్నింటిలో దేశంలో అనుమతి లేని కృత్రిమ రసాయనాలు ఉన్నట్లు తనిఖీల్లో బయటపడింది. క్రిమిసంహారక మందు ఏదైనా 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద నమోదు కావాలి. నమోదు చేసే కేంద్ర కమిటీ కార్యాలయం ఫరీదాబాద్‌లోనే ఉంది. ప్యాకెట్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, మందు పేరు లేకపోతే అది మూలిక కాదు, చిరునామా లేని రసాయనం అనుకోవడమే క్షేమం.

ఖాళీ అయిన లిక్విడ్ రీఫిల్‌లో వేపనూనె, కర్పూరం, కిరోసిన్ కలిపి పోసి ప్లగ్‌లో పెట్టమనే వీడియోలు కూడా వస్తున్నాయి. ఆ యంత్రంలోని వేడి ఆ ద్రవం కోసం తయారైంది కాదు. మంటుకునే ద్రవాన్ని రాత్రంతా వేడి చేస్తూ పక్కన పిల్లలను పడుకోబెట్టడం తెలివైన పొదుపు కాదు.

బొద్దింకకు బేకింగ్ సోడా కాదు, బోరిక్

వంటింట్లో తిరిగే చిన్న, లేత గోధుమరంగు బొద్దింక వేరు. బాత్రూం జాలీలోంచి వచ్చే పెద్ద ఎర్రది వేరు. చిన్నది జర్మన్ బొద్దింక. చాలా ఇళ్లలోకి అట్టపెట్టెల్లో, పాత ఫ్రిజ్‌లో వస్తుంది. ఒక్కో గుడ్ల తిత్తిలో 30 నుంచి 40 పిల్లలు. ఇది మార్కెట్లో దొరికే చాలా స్ప్రేలకు అలవాటు పడిపోయింది. స్ప్రే కొట్టినప్పుడు కళ్లముందు పడి చచ్చేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలోకి, ఒక్కోసారి పక్క ఫ్లాట్‌లోకి పోతాయి.

చిట్కాల్లో బేకింగ్ సోడా, దోసకాయ తొక్కలు, బిర్యానీ ఆకులు ఎక్కువగా వినిపిస్తాయి. వీటికి ఆధారాలు చాలా బలహీనం. నిలబడిన చిట్కా బోరిక్ యాసిడ్. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్‌గా చాలామందికి పరిచయమే. బొద్దింక కాళ్లకు, మీసాలకు అంటుకుంటుంది. అవి శుభ్రం చేసుకునేటప్పుడు నోట్లోకి పోతుంది, పొట్టను దెబ్బతీస్తుంది. ఒక్క రోజులో ఏమీ కనిపించదు. వారం, పది రోజులు ఓపిక పట్టాలి. గుడ్ల తిత్తిని చంపదు కాబట్టి రెండు, మూడు వారాల తర్వాత మళ్లీ పెట్టాలి.

చాలామంది చేసే పొరపాటు కుప్పలుగా పోయడం. కుప్ప కనిపిస్తే బొద్దింక చుట్టూ తిరిగి పోతుంది. కంటికి కనీ కనిపించనంత పలచటి పొర, ఫ్రిజ్ వెనక, సింకు కింద, గ్యాస్ పైపు గోడలోకి పోయే రంధ్రం దగ్గర సరిపోతుంది. పంచదార, మైదాతో కలిపి చిన్న ఉండలుగా పెట్టే పద్ధతి కూడా పనిచేస్తుంది. కాకపోతే ఆ ఉండ పాకుతున్న పిల్లాడికి మిఠాయిలాగే కనిపిస్తుంది. బోరిక్ యాసిడ్ మింగితే మనిషికీ విషమే. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో అందని చోట తప్ప పెట్టకూడదు. గట్టు మీద, గిన్నెల అరల్లో అసలే వద్దు.

ఇదంతా చేసి, సింకు కింద కారే పైపును అలాగే వదిలేస్తే ప్రయోజనం ఉండదు. తిండి లేకపోయినా వారాలు గడిపే బొద్దింక నీళ్లు లేకుండా అంతకాలం ఉండలేదు. రాత్రి సింకు తుడిచి, చెత్తబుట్టకు మూత పెట్టి పడుకోవడం సగం మందు.

చీమలకైతే ఇంత హడావిడి అక్కర్లేదు. ముందు వెళ్లిన చీమ వదిలిన వాసన దారి పట్టుకునే మిగతావి వస్తాయి. సబ్బునీళ్లతోగానీ, వెనిగర్ కలిపిన నీళ్లతోగానీ ఆ దారిని తుడిచేస్తే వరస చెదిరిపోతుంది. అవి వచ్చే పగులును మూస్తే ఇంకా మంచిది. పసుపు గీత కాసేపు ఆపుతుంది. చీమల కోసం గీసే సుద్దముక్కను మాత్రం ఇంటి చిట్కాల జాబితాలో వేయకూడదు. అందులో ఉండేది పైరెథ్రాయిడ్ రసాయనం. పిల్లలు దాన్ని మామూలు చాక్‌పీస్ అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటి సుద్దముక్కల మీద హెచ్చరికలు జారీ చేసింది.

నల్లులు, ఎండ, ‘సల్ఫాస్’

సివిల్స్ కోచింగ్ కోసం ముఖర్జీనగర్, రాజేంద్రనగర్‌లకు వచ్చే తెలుగు విద్యార్థులు పీజీ గదుల్లో చేరగానే పరిచయమయ్యేవాటిలో నల్లి ఒకటి. ఇది పేదల ఇళ్ల సమస్య అనే అపోహ 2023లో పారిస్‌లో హోటళ్లు, రైళ్లు, సినిమా హాళ్ల గురించి వచ్చిన గగ్గోలుతో కొంత తగ్గింది. నల్లి కుడితే దురద, నిద్ర చెడటం తప్ప జబ్బులు అంటించినట్లు ఆధారాలు లేవు. కానీ రక్తం లేకుండా నెలల తరబడి బతకగలదు. ఖాళీ చేసి వెళ్లిన గది కూడా శుభ్రమైన గది కాదు.

ఉత్తరాదిలో చార్పాయిలను ఎండలో వేయడం, కీళ్ల మీద మరుగుతున్న నీళ్లు పోయడం తరతరాలుగా ఉన్న పద్ధతి. దీనికి శాస్త్రం తోడుంది. 48 డిగ్రీల వేడి ఇరవై నిమిషాలు తగిలితే పెద్ద నల్లులు చస్తాయి. గుడ్లకు గంటకు పైగా కావాలి. మే నెల ఢిల్లీ ఎండలో మేడ మీద పలచటి దుప్పట్లు, బట్టలు నల్ల ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పెడితే ఆ వేడి అందే అవకాశం ఉంది. మందపాటి పరుపు లోపలి దాకా మాత్రం అందదు. పై వైపు వేడెక్కితే నల్లులు నీడ వైపుకు పాకుతాయి. పరుపుకు కుట్ల వెంబడి ఆవిరి పట్టడం, బట్టలు బాగా వేడి నీళ్లలో ఉతకడం, మంచం గోడకు తగలకుండా జరపడం నయం. మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే మన పెద్దల పద్ధతి కూడా మంచిదే. ఇప్పుడు విదేశాల్లో మంచం కోళ్ల కింద పెట్టే ప్లాస్టిక్ ఉచ్చులు పనిచేసే తీరు అదే. కిరోసిన్ పూయడం మాత్రం నల్లి కంటే పెద్ద ప్రమాదాన్ని మంచం మీదకు తెచ్చుకోవడం.

విసిగిపోయినవాళ్లు ఎవరో చెప్పారని తెచ్చే బిళ్ల దగ్గర అసలు భయం మొదలవుతుంది. అల్యూమినియం ఫాస్ఫైడ్, ఉత్తరాదిలో వాడుక పేరు ‘సల్ఫాస్’. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే మందు ఇది. ఉత్తరాదిలో గోధుమల డబ్బాల్లో గుడ్డలో చుట్టి పెట్టే అలవాటు కూడా ఉంది. గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే వాయువు వస్తుంది. అది గాలి కంటే బరువైనది, పగుళ్ల గుండా పక్క గదిలోకీ, పక్క ఇంట్లోకీ పాకగలదు. దీనికి విరుగుడు మందు లేదు. చండీగఢ్, రోహ్‌తక్ ఆసుపత్రుల వైద్యులు ఈ విషం మీద దశాబ్దాలుగా రాస్తున్న పత్రాలు చదివితే, దీన్ని ‘ఇంటి చిట్కా’గా చెప్పడానికి నోరు రాదు.

నిబంధనల ప్రకారం దీన్ని వాడాల్సింది ప్రభుత్వ సంస్థలు, పెస్ట్ కంట్రోల్ నిపుణులు, అదీ నిపుణుల పర్యవేక్షణలో. 3 గ్రాముల బిళ్లలు పది, ఇరవై ఉండే గొట్టం ప్యాకెట్లను నిషేధించారు. అయినా కిరాణా కొట్లలో, విత్తనాల దుకాణాల్లో విడిగా దొరకడం ఆగలేదు. నల్లుల కోసమో, ఎలుకల కోసమో దీన్ని పడకగదిలో పెట్టకూడదు. గదికి తాళం వేసి పక్క గదిలో పడుకున్నా క్షేమం కాదు. 2024 నవంబరులో చెన్నై దగ్గర కుండ్రత్తూరులో, ఎలుకల మందు పెట్టిన ఇంట్లో ఏసీ వేసుకుని పడుకున్న కుటుంబంలో ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు ఆసుపత్రి పాలయ్యారు. మందు పెట్టింది డబ్బులు తీసుకుని వచ్చిన పెస్ట్ కంట్రోల్ సిబ్బందే. కాబట్టి మనిషిని పిలిచినా ఏ మందు వాడుతున్నారు, ఎన్ని గంటలు బయట ఉండాలి అని కాగితం మీద రాయించుకోవడం తప్పు పట్టాల్సిన అతిజాగ్రత్త కాదు.

బియ్యం డబ్బాలో ఏం వేయాలి?

ఢిల్లీలోని తెలుగు కుటుంబాలు సోనామసూరి బస్తాను తెచ్చుకుని రెండు, మూడు నెలలు వాడుకుంటాయి. జులై తేమలో ముక్కుపురుగు తప్పదు. వేపాకు, ఎండుమిర్చి, లవంగాలు కొత్త పురుగులను కొంత దూరం పెడతాయి. కానీ ముక్కుపురుగు గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెడుతుంది. బస్తా కొట్టులో ఉన్నప్పుడే లోపల చేరినదాన్ని పైన వేసిన వేపాకు ఏమీ చేయలేదు. చిన్న మోతాదులో కొనడం, మూడు, నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి గాలి చొరని డబ్బాలో పోయడం మెరుగు.

కందులకు, పెసలకు ఆముదం పట్టించే అలవాటు మాత్రం నిజంగా గొప్పది. పలచటి నూనె పొర వల్ల పుచ్చు పురుగు గుడ్లు గింజకు సరిగా అంటుకోవు, అంటుకున్నవి ఊపిరాడక పోతాయి. వంటనూనెలతో జరిగిన పరిశోధనలూ ఇదే చెప్పాయి. కొన్ని ఇళ్లలో బియ్యానికి బోరిక్ పౌడర్ కలుపుతారు. ‘వండేముందు కడుగుతాం కదా’ అంటారు. తినే పదార్థాల్లో బోరిక్ యాసిడ్‌కు మన దేశంలో అనుమతి లేదు.

బాల్కనీ తోటకు ఖమ్మం పాఠం

ఇంటి చిట్కాలకు బాగా కలిసొచ్చే చోటు తోటే. ఖమ్మం జిల్లాలో, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెంలో ఉన్న పునుకుల గ్రామం పత్తి మందుల అప్పులు, ప్రమాదాల నుంచి బయటపడి 2004 నాటికి పురుగుమందులు లేని ఊరిగా ప్రకటించుకుంది. తర్వాత వరంగల్ జిల్లా ఎనబావి అదే దారిలో నడిచింది. వాళ్లు వాడినవి వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు. కషాయం కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. రోజూ చేనులోకి వెళ్లి పురుగు ఏ దశలో ఉందో చూడటం.

బాల్కనీకి దీన్ని కుదించుకోవచ్చు. ఎండిన వేప గింజల పప్పు 50 గ్రాములు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బునీళ్లు కలిపితే రైతులు వాడే 5 శాతం కషాయం అవుతుంది. కొత్త ఢిల్లీ రోడ్ల పక్కన నాటిన చెట్లలో వేప ముఖ్యమైనది, జూన్, జులైలలో పండ్లు రాలి కాళ్ల కింద నలుగుతుంటాయి. గింజలు కొనాల్సిన పని కూడా లేదు. వేపలోని అజాడిరాక్టిన్ పురుగును వెంటనే చంపదు. తిండి మానిపిస్తుంది, ఎదుగుదల ఆపుతుంది. ఎండకు అది త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రమే చల్లాలి, కలిపిన రోజే వాడాలి. ఢిల్లీ మే ఎండలో మధ్యాహ్నం నూనె చల్లితే పురుగు బతుకుతుంది, ఆకు మాడుతుంది.

మందారం, గులాబీలకు పట్టే తెల్లటి పిండినల్లికి మైనపు పొర రక్షణ. లీటరు నీళ్లకు చెంచాడు మెత్తటి ద్రవ సబ్బు, లేదా పలచటి కుంకుడు రసం ఆ పొరను దెబ్బతీస్తుంది. ముందు నీటి ధారతో కడిగి, తర్వాత చల్లాలి. బట్టల డిటర్జెంట్ వద్దు, ఆకులు కాలతాయి. ఆకుల అడుగున కొట్టకపోతే కొట్టనట్టే. కుండీ చుట్టూ చీమలు వరసకట్టి ఉంటే ముందు వాటిని ఆపాలి. పిండినల్లి, పేనుబంక విసర్జించే తియ్యటి రసం కోసం చీమలే వాటికి కాపలా కాస్తాయి. అక్షింతల పురుగు కనిపిస్తే మందు పక్కన పెట్టి దానికి రెండు రోజులు గడువు ఇవ్వడం మంచిది, పేనుబంక దాని భోజనం. బొప్పాయి తోటలను నాశనం చేసిన విదేశీ పిండినల్లిని 2010 తర్వాత మన దేశంలో అదుపు చేసింది మందులు కాదు, దాని మీద బతికే ఒక చిన్న పరాన్నజీవి కందిరీగ.

ఇంటి పెరటి వేపను ఎవరో పేటెంట్ చేసుకున్నారన్న వివాదం కూడా గుర్తుండే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ వేపనూనెతో చేసిన శిలీంధ్ర నాశినికి యూరప్‌లో పొందిన పేటెంట్ అది. వందనా శివ తదితరులు సవాలు చేయడంతో 2000లో రద్దయింది, 2005లో అప్పీలు కూడా వీగిపోయింది.

‘సహజం’ అనే మాట

పొగాకు కషాయం పూర్తిగా సహజం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తడి పొగాకు కోసే కూలీలకు వచ్చే తలతిప్పు, వాంతులు కూడా అంతే సహజం. చర్మం గుండా ఎక్కే నికోటిన్ చేసే పని అది. నికోటిన్ సల్ఫేట్‌ను పురుగుమందుగా వాడటం దేశంలో నిషేధం. బీడీ ముక్కలు నానబెట్టిన నీళ్లను కుండీల్లోని టమాటా మీద చల్లేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పొగాకు నుంచి మొజాయిక్ వైరస్ టమాటాకు అంటుకోవచ్చు.

కర్పూరం బిళ్ల ఒకటి, రెండు మింగినా పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు. బీరువాలో వేసే కలరా ఉండలు నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి. ఆ బట్టలను ఎండలో ఆరబెట్టకుండా పసికందుకు చుట్టకూడదు. వేపనూనెనే చూస్తే, జలుబుకు మందంటూ చిన్నపిల్లలకు తాగిస్తే మెదడు, కాలేయం దెబ్బతిన్న కేసులను మలేసియా వైద్యులు 1981లో లాన్సెట్ పత్రికలో నివేదించారు. ఒంటికి రాసుకునేది నోట్లో పోసేది కాదు.

పిల్లలు ఇలాంటిది ఏదైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు. కిరోసిన్, కర్పూరం విషయంలో అది మరింత ప్రమాదం. కిరోసిన్ వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కర్పూరానికి ఫిట్స్ మొదలవుతాయి. డబ్బా, ప్యాకెట్, మిగిలిన బిళ్ల ఏదుంటే అది చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఏ మందో తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 24 గంటలూ పనిచేస్తుంది. దేశంలో ఎక్కడి నుంచైనా ఫోన్ చేయొచ్చు.